అద్దంలో కమాను

సంగీత పాఠశాల, మేడ మీది గది
వానలు మొదలైన వారం

చెల్లీ,

ముందు నువ్వు సంతోషపడే కబురు చెబుతాను. మీ అక్క నోరు మూతపడింది. గొంతులో కాయలాంటిదేదో ఉంటే తీసేశారు. చలికాలం దాటేదాకా మాట్లాడకూడదు, గుసగుసలు కూడా పనికిరావు. చిన్నప్పటినుంచీ నన్ను వసపిట్ట అని ఏడిపించినవాళ్లందరికీ తలా ఒక ఉత్తరం రాసి వాళ్ల ముచ్చట తీరుద్దామనుకుంటున్నాను. మొదటిది నీకే.

ఫోన్‌లో అక్షరాలు నొక్కుతూ కూర్చోవడం నీకూ పడదు, నాకూ పడదు. పైగా నీతో నాకు పనుంది. అది పార్సిల్లో రావలసిన పని.

నేను పాఠం చెప్పే గది నువ్వు చూడలేదు. గోడ పొడుగునా మేకులకు చిన్న చిన్న వయొలిన్లు వేలాడుతుంటాయి, పిల్లల చేతి పొడవును బట్టి వరసగా. వాన పడుతుంటే చెమ్మకి వాటి తీగలు వదులై, ఎవరూ తాకకుండానే ఒక్కొక్కటీ సన్నగా మూలుగుతుంది. ఇన్నేళ్లు ఈ గదిలోనే ఉన్నాను గానీ ఆ చప్పుడు ఇప్పుడే విన్నాను. నా మాటలే నాకు అడ్డం వచ్చాయేమో.

ఇక అసలు సంగతి. చిట్టి తరగతి నాది కదా, అక్షరాలు కూడా సరిగా రాని పసివాళ్లు. మాట రాని టీచరు వాళ్లకెలా చెబుతుందని పెద్ద టీచరమ్మకు బెంగ పట్టుకుంది. ఏడాది చివర సభలో పిల్లలందరూ కలిసి ఒక చిన్న పాట వాయిస్తే తరగతి నాకే ఉంటుంది, లేకపోతే పియానో మాస్టారికి వెళ్లిపోతుంది. ఆయన మంచివాడే. కాకపోతే ఆయన గొంతు వినగానే మా కునుకమ్మ బల్ల కిందకి దూరుతుంది. అందరికంటే చిన్నది, వయొలిన్ మీద గడ్డం ఆనించగానే కునికిపాట్లు పడుతుంది, అందుకే ఆ పేరు. ఈ తరగతి పోతే బతకలేనని అనను. కానీ పొద్దున్నే లేవడానికి ఒక కారణం వెతుక్కోవలసి వస్తుంది.

అందుకని గోడకి గుడ్డ బొమ్మలు తగిలిద్దామని ఆలోచన. నా నోటికి బదులు అవి చెప్పాలి. నువ్వు అచ్చులు చెక్కి, అద్ది పంపాలి. మొదటిది, వయొలిన్ ఎత్తి పట్టుకుని నిలబడ్డ పిల్ల. కమాను తీగ మీద ఉండాలి. (కమాను అంటే తెలుసుగా, నువ్వు రంపం అనేదానివే, అది.) ముఖం వద్దు. వెనకనుంచి, వీపు మాత్రమే కనబడాలి. చూసిన ప్రతి పిల్లా అది తనేననుకోవాలి.

తిరకాసూ, కాదనకు.

నీ వసపిట్ట


అద్దకపు షెడ్డు, ఎండ పడే మూల
తెరపి ఇచ్చిన రోజు

వసపిట్టా,

ఇకనుంచి ఉత్త పిట్టవి. నీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత నవ్వినందుకు నాకే ఏదోలా అయింది. గొంతు నొప్పిగా ఉందా? డాక్టరు ఇంకా ఏమన్నాడు? నీ ఉత్తరంలో వయొలిన్ల మూలుగు రాశావు గానీ నీ మూలుగు రాయలేదు.

బొమ్మ పంపుతున్నాను. రంగులు కలిపే తాత ఉన్నాడే, మా షెడ్డులో అందరికంటే పెద్దాయన, ఆయన నీలాన్ని మూడుసార్లు పారబోసి కలిపాడు. సంగీతం గదికి మబ్బు నీలం పనికిరాదట, తెల్లవారబోయే ముందు నీలమే కావాలట. ఈయనకి సంగీతం ఎప్పుడు వచ్చిందో తెలీదు.

ఇక్కడ మా పని నీకు తెలిసిందే. గుడ్డ మీద పువ్వు కుడికి వాలాలంటే చెక్క మీద ఎడమకి వాలాలి. తిరగేసి చూడడమే నా ఉద్యోగం. ఒక్కోసారి బస్సులో కూర్చుని దుకాణాల మీద పేర్లు కూడా వెనకనుంచే చదువుతుంటాను. పక్కన కూర్చున్నవాళ్లు జరిగి కూర్చుంటారు.

నాకు సంగీతం రాదని మనింట్లో ఎప్పుడో తేల్చేశారు కదా. అయినా బొమ్మకి సంగీతం ఎందుకు? నువ్వు వయొలిన్ నేర్చుకునేటప్పుడు మనం ఉన్న అద్దె ఇల్లు, కిటికీ, మధ్యాహ్నం ఎండ, ఆ ఎండలో కమాను నుంచి లేచే తెల్లటి దుమ్ము, అన్నీ నాకు కళ్లకు కట్టినట్టున్నాయి. చెక్కుతుంటే ఉలి దానంతటదే వెళ్లిపోయింది.

ఎలా ఉందో రాయి.

నీ తిరకాసు


సంగీత పాఠశాల, మేడ మీది గది
మళ్లీ ముసురు

చెల్లీ,

గుడ్డ విప్పగానే గదంతా కొత్త రంగు వాసన. ఆ పిల్ల మెడ, ఎత్తిన భుజం, అప్పుడే గాలి పీల్చుకుని ఆగినట్టున్న వీపు. ఎంతసేపు చూశానో నాకే తెలీదు. తాతకి చెప్పు, తెల్లవారబోయే ముందు నీలం అంటే ఏమిటో నాకు అర్థమైందని. ఆ సంబరంలో ఇంకేమీ చూసుకోకుండా గోడకి తగిలించేశాను.

మర్నాడు తరగతి చూసి నా బుర్ర తిరిగిపోయింది. సగం మందికి వయొలిన్ కుడి భుజం మీదికెక్కింది, కమాను ఎడమ చేతిలోకి వచ్చింది. కునుకమ్మ అయితే ఆ చేత్తోనే హాయిగా కళ్లు మూసుకుని ఊగుతోంది. ఇదేం పోయేకాలమని బొమ్మ వంక చూశాను. అందులో పిల్ల కూడా అంతే! ఎడమ చేతిలో కమాను. నవ్వడానికి కూడా నాకు అనుమతి లేదు కదా, భుజాలు ఊగాయి, కళ్లలో నీళ్లొచ్చాయి.

ఏం జరిగిందో చెప్పనా? నేను వీపు అడిగాను కదా, నువ్వు మనిషిని అటు తిప్పావు, కమానును తిప్పడం మరిచిపోయావు. తిరగేయడమే ఉద్యోగమని గొప్పలు చెప్పిన మర్నాడే. ఎంత చెయ్యి తిరిగినదానివైనా తిరకాసువి తిరకాసువే.

సరిగ్గా అప్పుడే పెద్ద టీచరమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. చేతిలో పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్లిపోయింది. ఆవిడ రాసుకుంటేనే నాకు భయం. తొందరగా ఇంకొకటి చెక్కి పంపు.

వసపిట్ట


అద్దకపు షెడ్డు

అక్కా,

అచ్చు చెక్క కూడా పంపుతున్నాను, చూసుకో. చెక్క మీద కమాను కుడి వైపు ఉంది, గుడ్డ మీద ఎడమ వైపు పడింది. ఈ పనిలో ఏదైనా మరుస్తాను గానీ అది మరవను.

బొమ్మలో ఉన్నది ఎవరనుకున్నావు? అది నేను.

నువ్వు కిటికీకి వీపు పెట్టి రోజూ సాధన చేసేదానివి. నేను ఎదురుగా నిలబడి చీపురుపుల్ల పట్టుకునేదాన్ని. నీ కమాను ఏ వైపు కదిలితే నా పుల్ల ఆ వైపు. నీకేమీ తీసిపోననుకునేదాన్ని. నీకు పాఠం చెప్పే మాస్టారు నన్ను కూడా చేర్చుకున్న రోజున వయొలిన్ నా చేతికిస్తే, ఎవరూ చెప్పకముందే ఎత్తి పట్టుకున్నాను. ఆయన నవ్వి రెండు చేతులూ మార్చేశారు. "ఇదెక్కడి తిరకాసు పిల్ల" అన్నారు. అందరూ నవ్వారు. మార్చాక ఆ చేతులు నావి కాకుండా పోయాయి. మర్నాడు నాకు వయొలిన్ వద్దన్నాను. దీనికి సంగీతం మీద ఇష్టం లేదని మీరు నమ్మారు. వయొలిన్ పోయింది, పేరు మిగిలింది.

నాకిప్పుడు కోపం లేదు. కానీ సరైన బొమ్మ కావాలంటే సంగీతం వచ్చినవాళ్లనెవరినైనా అడుగు.

నీ చెల్లెలు


సంగీత పాఠశాల, నాట్యం నేర్పే గది
వానలు వెనకబట్టాక

నా చెల్లీ,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయకపోవడం అలగడం వల్ల కాదు. జవాబు దొరికేదాకా ఆగాను.

ముందు నీ బొమ్మను గోడ మీంచి తీసేశాను. తీసేశాక కూడా పిల్లల చేతులు మారలేదు. తర్వాత గమనించాను, బొమ్మ రాకముందు కూడా ఇద్దరు ముగ్గురు అలాగే పట్టుకునేవారు. అందరూ నాకు సరిగ్గా ఎదురుగా కూర్చునేవాళ్లే. పక్కన కూర్చున్నవాళ్లు ఎటూ తేల్చుకోలేక పక్కవాళ్లను చూసేవారు.

ఇక్కడ నాట్యం గదిలో గోడంత అద్దం ఉంది. పిల్లలు వెళ్లిపోయాక దాని ముందు వయొలిన్ ఎత్తి నిలబడ్డాను. అద్దంలో మనిషి నా కుడి వైపే కమాను లాగుతోంది. ఆవిడ చేయి, నా చేయి ఒకే వైపు లేస్తున్నాయి, ఒకే వైపు దిగుతున్నాయి. ఎంత బాగుందో. కానీ ఆవిడ అద్దంలోంచి బయటికి నడిచొచ్చి నా పక్కన నిలబడితే ఆ కమాను ఎడమ చేతిలో ఉంటుంది. సాయంత్రం వెలుగు పోయేదాకా అలాగే చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి అద్దంలో ఉన్నది నేను కాదు, పుల్ల పట్టుకున్న నువ్వే అనిపించింది.

పసివాళ్లకి కుడి ఎడమ ఎక్కడ తెలుస్తాయే? నిన్ను నేను చూస్తున్నాను, నువ్వు నాలాగే ఉన్నావు, అంతే వాళ్లకి తెలిసింది. "కుడి చెయ్యి, కుడి చెయ్యి" అని ఇన్నేళ్లూ అరుస్తూ ఉండబట్టి ఈ సంగతి నా కంటపడలేదు. నువ్వు కమానును తప్పుగా పట్టుకోలేదు. నన్ను సరిగ్గా చూశావు. ఆ గదిలో నన్ను అంత సరిగ్గా చూసినవాళ్లు ఇంకెవరూ లేరు. మాస్టారికి అది తెలియలేదు, నాకూ తెలియలేదు, ఇద్దరం నవ్వాం.

మర్నాడు తరగతిలో ఏం చేశానో విను. పిల్లలకి వెన్ను చూపించాను! యుద్ధంలో చూపించినట్టు కాదులే. అటు తిరిగి నిలబడి, భుజం మీద వయొలిన్ పెట్టుకుని, కమాను ఎత్తాను. వెనక్కి తిరిగి చూస్తే అందరి కమానులూ కుడి చేతుల్లో ఉన్నాయి. ఒక్క మాట అవసరం లేకపోయింది.

అక్కడినుంచే ఇంకో ఆలోచన వచ్చింది. బొమ్మలు బయటినుంచి చూసినట్టు కాకుండా, వాయించే పిల్ల తన కళ్లతో తాను చూసుకున్నట్టు ఉంటే? గడ్డం కిందనుంచి తీగలు అలా దూరంగా వెళ్లడం, తన వేళ్లే తనకు కనబడడం, కమాను అడ్డంగా రావడం. అప్పుడు తికమకే ఉండదు. కానీ అలాంటి బొమ్మ వెయ్యాలంటే వేసేవాళ్ల గడ్డం కింద వయొలిన్ ఉండాలి. నా పాత వయొలిన్ ఈ పార్సిల్లో పంపుతున్నాను. బొమ్మల కోసమే. ఇంకేమీ అడగను.

పేరు విషయం. నిన్ను ఇకమీదట ఏమని పిలవాలో నువ్వే చెప్పు.

నీ అక్క


అద్దకపు షెడ్డు, చెక్కల గది
పొగమంచు పొద్దున

అక్కా,

నీ వయొలిన్ వచ్చింది. పెట్టె మూత తీయగానే లోపల్నుంచి నువ్వే వచ్చినంత వాసన, కమానుకి రుద్దే ఆ జిగురు బిళ్లది, నీ పాత శాలువాది. తాత వంగి చూసి, దీనికి రంగెవరు వేశారని అడిగాడు. ఆయనకి ప్రతిదీ రంగే.

బొమ్మ వెయ్యడం నువ్వనుకున్నంత సులువు కాదు. రెండు చేతులూ వయొలిన్‌కే కావాలి, మరి పెన్సిల్ ఎవరు పట్టుకుంటారు? చూడడం, దింపడం, గీయడం, మళ్లీ ఎత్తడం. దింపిన ప్రతిసారీ చూసింది సగం జారిపోయేది. మెడ పట్టేసింది. నా అవస్థ చూసి షెడ్డులో ఆడవాళ్లు పని ఆపి నవ్వుకున్నారు. ఈసారి ఆ నవ్వు నాకు పట్టలేదు.

ఒకటి చెప్పనా? అక్కడినుంచి చూస్తే వయొలిన్ చాలా పెద్దగా ఉంటుంది. ముక్కు కిందనుంచి మొదలై, నున్నటి నేలలా పరుచుకుని, తీగలు ఎక్కడికో వెళ్లిపోతుంటాయి. చివర నా వేళ్లు ఎవరివో అన్నట్టు కనబడతాయి. మీరందరూ ఇన్నాళ్లూ చూస్తున్నది ఇదా అనుకున్నాను. కొంచెం అసూయగా కూడా అనిపించింది.

మొత్తానికి కుదిరాయి. ఐదు బొమ్మలు పంపుతున్నాను. కమాను కుడి చేతిలోనే ఉంది, నాలుగుసార్లు చూసుకున్నాను.

ఒక్కసారి మాత్రం ఇంట్లో, బొమ్మ కోసమే, కమానును తీగ మీద లాగాను. తలుపు కిర్రుమన్నట్టు మోగింది. మా పిల్లి లేచి బయటికి పోయింది. నువ్వేమీ అనుకోకు.

పేరు మార్చకు. ఇన్నేళ్లు మోశాను, ఇప్పుడు నాకు అలవాటైపోయింది. పైగా అది ఎందుకొచ్చిందో ఇప్పుడు ఇద్దరికీ తెలుసు.

గొంతు సంగతి అడిగితే ఈసారి కూడా దాటేశావు. చలికాలం వచ్చేసింది. డాక్టరు ఏమన్నాడు?

నీ తిరకాసు


సంగీత పాఠశాల, మేడ మీది గది
చలి ముదిరాక

తిరకాసూ,

బొమ్మలు గోడకి పిల్లల కళ్ల ఎత్తులో కట్టాను. పిల్లలు ఒక్కొక్కరూ వెళ్లి వాటి ముందు నిలబడి, గడ్డం ముందుకి చాచి, బొమ్మలోకి దూరిపోతారు. కునుకమ్మ నీ మూడో బొమ్మ ముందు నిలబడి గుడ్డ మీది వేళ్ల మీద తన వేళ్లు ఆనించింది, చాలాసేపు తీయలేదు. నిద్రపోయిందేమోనని వంగి చూశాను. కళ్లు తెరిచే ఉన్నాయి. ఇప్పుడు ఈ గదిలో మాటే లేదు. నేను అటు తిరిగి గాలి పీలుస్తాను, భుజం లేస్తుంది, వెనక ఆ చిన్న కమానులన్నీ లేస్తాయి. ఒక్కోసారి ఇదంతా నేను కలగంటున్నానేమో అనిపిస్తుంది. పాట ఉత్త తీగల మీదే, వేలు పెట్టే పని లేకుండా కట్టాను. నాలుగు స్వరాలే, ఊయల ఊగినట్టు.

ఇక నువ్వడిగిన దానికి జవాబు. మొదటి ఉత్తరంలో చలికాలం దాటేదాకా అని రాశాను. అది డాక్టరు చెప్పింది కాదు, నేను అనుకున్నది. ఆయన మొదటే చెప్పాడు, మాట వస్తుంది గానీ పాత గొంతు రాదని. దగ్గర కూర్చున్నవాళ్లకు వినబడేంత వస్తుందట, గదికి వినబడేంత రాదట. నీకు రాస్తే నిజమైపోతుందని రాయలేదు.

అందుకే ఆ సభ నాకు అంత ముఖ్యం. మాట లేకుండా చెప్పగలనని తేలితే ఈ తరగతి ఎప్పటికీ చెప్పగలను. తేలకపోతే ఇక ఎప్పటికీ లేదు. నాకు భయంగా ఉందే. వసపిట్ట భయపడితే అరిచి పోగొట్టుకునేది, ఇప్పుడు ఆ దారి కూడా లేదు.

వేదిక మీద కూడా నేను పిల్లలకి వీపు పెట్టి, జనం వైపు తిరిగి నిలబడాలి. చూడడానికి విడ్డూరంగా ఉంటుంది. కనీసం నాకు తెలిసిన ముఖం ఒక్కటైనా ఎదురుగా ఉండాలి. రా.

నీ అక్క


అద్దకపు షెడ్డు, ఎండ పడే మూల
సభ అయిన వారం

అక్కా,

బస్సు కదులుతుంటే నువ్వు బయటనుంచి దుమ్ము పట్టిన కిటికీ అద్దం మీద వేలితో రాసిన ప్రశ్నకి ఇది జవాబు. "చెయ్యి ఎందుకెత్తావు?" అని రాశావు, నాకు తిరగబడి కనబడింది, అయినా చదివేశాను. నా ఉద్యోగం అదే కదా.

నీ వీపు వెనక ఏం జరిగిందో నువ్వు చూడలేదు. అందుకే రాస్తున్నాను.

పాట సగంలో ఉంది. చాలా బాగుంది, ఊయల అన్నావు చూడు, సరిగ్గా అలాగే. వరసలో చివర కునుకమ్మ. ముందు కుర్చీల్లో వాళ్ల నాన్న. పాపం ఆయన కూతురికి ధైర్యం చెబుదామని, ఇలా లాగు, ఇలా లాగు అన్నట్టు కుడి చేత్తో గాలిలో కమాను లాగడం మొదలుపెట్టాడు. ఆ పిల్ల కళ్లు నీ వీపు మీదనుంచి ఆయన మీదికి వెళ్లాయి. నాన్న చెయ్యి ఏ వైపు ఉంటే తన చెయ్యి ఆ వైపు. ఇంకేముంది, వయొలిన్ ఆ భుజం మీదికి, కమాను ఈ చేతిలోకి మారిపోయాయి. వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు, ఇంకొందరు అందుకున్నారు. కునుకమ్మ కమాను గాలిలో ఆగిపోయింది. నీ భుజం కూడా ఒక్క క్షణం ఆగింది, పాటలో ఆ ఒక్క సన్నటి తీగ చప్పుడు తగ్గడం నువ్వు విన్నావు, కానీ తిరిగితే మిగతావాళ్లు చెదిరిపోతారు. నీకు మాట లేదు.

ఆ నవ్వు నాకు తెలుసు అక్కా. ఆ పిల్ల ముఖంలోకి ఏం వస్తోందో కూడా తెలుసు. ఇంకొంచెం ఆగితే అది ఇంటికెళ్లి నాకు వద్దంటుంది.

నేను లేచి నిలబడ్డాను. ఆ పిల్లకి ఎదురుగా. వయొలిన్‌ను కుడి భుజం మీద పెట్టుకున్నట్టు, కమానును ఎడమ చేత్తో పట్టుకున్నట్టు చేతులెత్తాను. మాస్టారు తీసేసిన పట్టు. అంత హాయిగా నా చేతులెప్పుడూ ఉండలేదు. నువ్వు నన్ను చూసి కళ్లు పెద్దవి చేశావు, ఇన్ని పనుల మధ్య ఇదేం ఆట అనుకుని ఉంటావు. కునుకమ్మ నన్ను చూసింది. నా చెయ్యి ఏ వైపు ఉంటే తన చెయ్యి ఆ వైపు. కమాను కుడి చేతిలోకి వచ్చింది, తీగ మీద వాలింది. నేను లాగాను, అది లాగింది. పాట అయ్యేదాకా ఇద్దరం ఒకరికొకరం అద్దంలా నిలబడ్డాం. నవ్వినవాళ్లు ఎప్పుడు ఆపారో నేను చూడలేదు.

తర్వాత సంగతి నీకు తెలిసిందే. పెద్ద టీచరమ్మ వచ్చి, వచ్చే ఏడు చిట్టి తరగతికి ఇంకా పెద్ద గది చూస్తానంది. నువ్వు నా చెయ్యి పట్టుకుని, ఇన్ని నెలలకి మొదటిసారి, ఏదో అన్నావు. కాగితం చప్పుడంత గొంతు. ఆ గోలలో నాకు తప్ప ఎవరికీ వినబడలేదు. నాకు అంతే కావాలి.

ఇంటికి వచ్చి నీ వయొలిన్ తీశాను. కుడి చేత్తో కాసేపు, ఎడమ చేత్తో కాసేపు లాగి చూశాను. ఉత్త తీగకి ఏ చెయ్యో తెలియదు అక్కా, రెండుసార్లూ ఒకేలా మోగింది. పిల్లి ఈసారి లేచి పోలేదు.

వయొలిన్ వెనక్కి పంపడం లేదు. బొమ్మలు ఎప్పుడో అయిపోయాయి.

నీ తిరకాసు